తాళం లేని డ్రైవ్

ఆడమ్స్‌టౌన్‌లో ఏ తెలుగువాళ్ళింట్లో వైఫై మొరాయించినా త్రినాథ్‌నే పిలుస్తారు. ఆఫీసులో అతని పని కూడా నెట్‌వర్కులు చూడటమే. ఆ శనివారం మాత్రం సొంత హాల్లో నేలమీద కూర్చుని జుట్టు పీక్కుంటున్నాడు.

ఎదురుగా టీవీలో అతని భార్య డాక్టర్ సుధేష్ణ గుండెజబ్బుల గురించి గడగడా మాట్లాడుతోంది. పెద్ద పోస్టు కోసం ఆసుపత్రికి పంపాల్సిన వీడియో అది. సాయంత్రం ఐదింటికి గడువు. నిన్న ఆమే దాన్ని మెట్లకింద పెట్టిన, ఇంటిల్లిపాదీ నెట్‌వర్క్ మీద వాడుకునే డ్రైవ్‌లోకి ఎక్కించి, చోటు చాలడం లేదని లాప్‌టాప్‌లో తుడిచేసింది. ఇప్పుడు టీవీకి డ్రైవ్ తెరుచుకుంటోంది, లాప్‌టాప్‌కి తెరుచుకోవడం లేదు.

"టీవీకి వచ్చేది దీనికెందుకు రాదండీ?" టీవీలోని సుధేష్ణ నవ్వుతోంది, పక్కనున్న సుధేష్ణ నవ్వడం లేదు.

"టీవీ లైనక్స్, ఇది విండోస్. అయినా రెండూ డ్రైవ్‌తో మాట్లాడే పద్ధతి ఒకటే... ఉండాలి."

"ఉండాలా, ఉందా?"

వైరు మార్చాడు. రౌటర్ ఆపి మళ్ళీ వేశాడు. పలకరించి చూస్తే డ్రైవ్ ఉన్నానంటుంది. ఉన్నానంటూనే తలుపు తీయదు! పొద్దున లాప్‌టాప్ తనంతట తనే అప్‌డేట్ అయింది. అయితే బాగుపడాలి గానీ, ఇదేం చోద్యం?

"ఇట్స్ గ్రాండ్ ఆన్ ద టెలీ, డాడ్," అంది కూతురు లోహిత సోఫాలోంచి, టీవీలో బాగానే వస్తోందిగా అన్నట్టు.

"నువ్వు నోర్ముయ్యవే తల్లీ."

లాప్‌టాప్ తెరమీద మళ్ళీ ఏదో చెప్పబోయింది. త్రినాథ్ అలవాటుగా మూసేయబోతే సుధేష్ణ చెయ్యి పట్టుకుంది.

"ఆగండి. పేషెంట్ చెప్పేది వినకుండానే మందు రాసేస్తారా?"

చదివాడు. పాస్‌వర్డ్ అడగకుండా ఎవరినైనా అతిథిగా రానిచ్చే డ్రైవ్‌ను పొద్దుటి అప్‌డేట్ తర్వాత ఇక నమ్మేది లేదని దాని సారాంశం. టీవీకి ఆ పట్టింపు లేదు.

డ్రైవ్ పెట్టిన రోజు సుధేష్ణ పాస్‌వర్డ్ అడిగింది. "మనింట్లో మనకే తాళమేంటే? ఇది తెనాలోళ్ళ ఇల్లు, బ్యాంకు కాదు," అని నలుగురి ముందూ నవ్వాడు. ఆ నలుగురూ ముచ్చటపడి, తమ ఇళ్ళలోనూ అతనిచేతే అలాగే పెట్టించుకున్నారు. బద్ధకానికి మర్యాద అని పేరు పెడితే ఎంతటి ఇంజినీరైనా మురిసిపోతాడు.

అతిథి దారి మూసి, సుధేష్ణ పేరూ ఒక పాస్‌వర్డూ పెట్టాడు. లాప్‌టాప్ తెరుచుకుంది. వీడియో గడువు లోపలే వెళ్ళింది. టీవీ మాత్రం వాక్యం మధ్యలో ఆగి, నువ్వెవరని అడిగింది.

అంతలో ఫోన్. పక్క వీధి గిరిజాకుమారి ఆంటీ.

"త్రినాథ్ బాబూ, మా లాప్‌టాప్‌కి డ్రైవ్ రావట్లేదయ్యా. టీవీలో వస్తోంది మళ్ళీ! వైరేమో అంటున్నారు అంకుల్."

సుధేష్ణ వంక చూడకుండా చెప్పాడు త్రినాథ్:

"వైరు ముట్టుకోవద్దనండి ఆంటీ. వస్తున్నా. తప్పు నాదే."