అంటే మాస్టారు

కారు నడపడంలో ఆయనకు వంక పెట్టేవాడు లేడు. నోరు తెరిస్తేనే వచ్చేది చిక్కంతా. "ఇప్పుడూ... అంటే... మరేమో... అదీ... క్లచ్ నొక్కండమ్మా" అనేవాడు. క్లచ్ అన్న మాట బయటపడేసరికి ఇంజను ఎప్పుడో ఆగిపోయి, వెనక బస్సువాడు హారన్ వాయించేస్తూ ఉండేవాడు. అందుకే డ్రైవింగ్ స్కూల్లో చేరిన ప్రతివాళ్లకీ ఆయన 'అంటే' మాస్టారే. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్లకైనా గుర్తుందో లేదో!

పెళ్లికి ముందు "నేను నచ్చానా?" అని కాబోయే భార్య అడిగితే, "అంటే... అదీ..." అంటూ సాయంత్రం దాకా నసిగాడట. ఆవిడ మహాతల్లి కాబట్టి అర్థం చేసుకుని, "సరే, చేసుకుందాం" అంది.

ఇలా రోజులు వెళ్లిపోతుంటే ఎవడో పుణ్యాత్ముడు ఫిర్యాదు చేశాడు, గంట పాఠంలో సగం 'అంటే'లకే పోతోందని. స్కూలు యజమాని మాట తుంచినట్టు మాట్లాడే మనిషి. వెంటనే పిలిపించాడు.

"శుక్రవారం నేను వెనక సీట్లో కూర్చుంటాను మాస్టారూ. ఒక్క 'అంటే' వినబడినా శనివారం నుంచి మీరు రానక్కర్లేదు. మీ కాలి దగ్గరున్న బ్రేకు కూడా ముట్టుకోవద్దు. మీ మాటకే బండి ఆగాలి."

మాస్టారు ఇంటిదారి పట్టాడు. ఈ వయసులో ఇంకెవడిస్తాడు ఉద్యోగం?

సంగతి విని భార్య గరిటె అందుకుంది. ఆయన "కాస్త... అదీ..." అన్నాడో లేదో, పళ్లెం మీద ఠంగుమని ఒకటి. ఆ మోతకు జడిసి ఉప్పు అడగలేక చప్పిడి కూరలే తిన్నాడు పాపం. గురువారానికి దారికొచ్చాడు. "ఉప్పు." "నీళ్లు." "పడుకుంటా." అంతే! హమ్మయ్య అనుకోవాల్సిందే కానీ, ఆవిడకు మాత్రం ఇంట్లో ఎవరో కొత్త మనిషి అద్దెకు దిగినట్టు అనిపించింది.

శుక్రవారం పాఠానికి ఆస్పత్రి నర్సమ్మను ఎంచుకున్నాడు. ఆయన శిష్యుల్లో ఆమెను మించినవాళ్లు లేరు. మాస్టారి మాట పూర్తి కాకముందే ఆమె కాలు బ్రేకు మీద ఉండేది. అదంతా తన బోధన మహిమే అనుకునేవాడాయన.

"కుడికి తిప్పండి" అన్నాడు తుంచినట్టు. నర్సమ్మ వింతగా చూసి, తీరిగ్గా తిప్పింది. వెనక యజమాని తల ఊపాడు. మాస్టారికి కొండంత ధైర్యం వచ్చింది.

తిరిగొచ్చేసరికి స్కూలు ముందు, కొత్తగా రంగులేయించిన పెద్ద బోర్డు రోడ్డు పక్కన నిలబడి ఉంది.

"ఆపండి."

బండి ఆగలేదు.

"ఆపండి!"

నర్సమ్మ రోడ్డు చూడటం మానేసి, ఇంకా ఏదో చెప్తాడేమోనని ఆయన మొహంలోకే చూస్తోంది. బోర్డు దగ్గరకొచ్చేస్తోంది. ఉద్యోగం పోతే పోయింది, మనుషులు మిగిలితే చాలనుకుని మాస్టారు తన బ్రేకు మీదికి కాలెత్తాడు. అంతలో వెనక సీట్లోంచి కేక వినిపించింది.

"అ... అంటే... అదీ... అదీ!"

బండి టక్కున ఆగింది. బోర్డుకూ బండికీ మధ్య జానెడు జాగా మిగిలింది.

"అలా చెప్పాలి కదండీ!" అంది నర్సమ్మ వెనక్కి తిరిగి. "'అంటే' వినబడితే స్పీడు తగ్గిస్తా, 'అదీ' వినబడితే బ్రేకు నొక్కుతా. ఆ తర్వాత మాస్టారు 'ఆపండి' అనడం నేనెప్పుడూ విన్లేదు, అప్పటికే నా పని అయిపోయేది. ఇవాళ ఒక్కటీ అనరేం? ఒంట్లో బాలేదేమో అనుకున్నా."

యజమాని చెమట తుడుచుకున్నాడు. "మాస్టారూ... రేపు... మరేమో..."

"వస్తాను సార్" అన్నాడు మాస్టారు, ఒక్క ముక్కలో.

ఇంటికెళ్లేసరికి భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది, చేతిలో గరిటెతో సహా.

"ఏమైందండీ? ఉద్యోగం ఉందా, పోయిందా?"

"అంటే... మరేమో... అదీ..."

అలవాటుగా గరిటె పైకి లేచింది. అలాగే ఆగిపోయింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఉందన్నమాట" అంది. గరిటె పక్కన పడేసి కంచం పెట్టింది. "రండి, కూర చల్లారిపోతోంది. ఉప్పు సరిపోయిందో లేదో మెల్లిగా, తీరిగ్గా చెప్పండి. నేనెక్కడికీ పోను."