ఎర్రగీత కొట్టేసిన వరస

తల్లి మొక్క పడిన దాహం, దాని గింజలోంచి మొలిచిన పిల్ల మొక్కకు గుర్తుంటుందా? ఇరవై ఏళ్లుగా నన్ను వదలని ఈ ప్రశ్న అసలు నాది కాదు, నాకు పరిశోధన నేర్పిన మేడమ్‌ది. పోయిన మంగళవారం నరసరావుపేటలో ఆమె కన్నుమూశారు.

ఆమెది రొంపిచెర్ల దగ్గర మిరప పండించే ఇల్లు. నేను యూనివర్సిటీ ల్యాబులో చేరిన రోజే పాఠం మొదలైంది.

"అన్ని కణాల్లో డీఎన్ఏ ఒకటేనే. మరి ఆకు కణం ఆకునే ఎట్టా పుట్టిస్తంది? బస్తాల్లో ఉండేది మిరపకాయలేగా! పైన గుర్తును బట్టి ఒకటి మార్కెట్ యార్డుకి పోద్ది, ఒకటి కోల్డ్ స్టోరేజీలో ఉండిపోద్ది. డీఎన్ఏ మీదా అట్టాంటి గుర్తులే ఉంటయ్యి. కణం రెండైతే ఆ గుర్తు రెండోదాని మీదా పడుద్ది. అదే దాని జ్ఞాపకం."

దాహం వేసిన గుర్తు గింజదాకా నిలుస్తుందేమో చూడాలని మేడ మీద గ్లాస్‌హౌస్‌లో రెండు వరసల మిరప పెంచాం. ఒక వరసకు కొన్నాళ్లు నీళ్లు ఆపాలి. మేడమ్ మాచర్లలో పెళ్లికి వెళ్లిన రోజు ఆ ఆకులు ముడుచుకుని వేలాడాయి. చూడలేక మొక్కకో గ్లాసు పోశాను.

మర్నాడు వచ్చీరాగానే ఆమె కనిపెట్టేశారు.

"ఏమే, పోశావా?"

"చానా వాడినయ్యి మేడమ్..."

"వాడాలనే గదే ఆపింది! రైతు ఇంటి పిల్లని పెట్టుకున్నా చూడు, నాదీ బుద్ధితక్కువ."

"ఒక్క గ్లాసే కదా మేడమ్, ఉంచేద్దాం."

"ఆ గ్లాసు దానికి గుర్తుండదని నీకెవరు చెప్పారే?"

జరిగింది జరిగినట్టు రికార్డులో రాసి, ఆ వరస మీద ఎర్రగీత కొట్టేశారు. ఆ మధ్యాహ్నం ఎప్పటిలాగే వరండాలో నిలబడి, తన బాక్సులోంచి పండుమిరపకాయ పచ్చడి ముందు నా అన్నంలోనే వేశారు. ఆ సంగతి మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. రిటైర్మెంటుకు అప్పటికి ఏడాది కూడా లేదు. మళ్లీ వేసి, గింజ కట్టించి, పిల్ల మొక్కల్ని పరీక్షించే వ్యవధి ఆమెకు మిగల్లేదు.

తర్వాత నా ల్యాబులో ఆ పని నేనే చేశాను. కొన్ని పిల్ల మొక్కల్లో గుర్తులు నిలిచాయి, కొన్నింట్లో చెరిగిపోయాయి. ఆ మాట చెబుదామని ఉత్సాహంగా ఫోన్ చేశాను.

"ఎన్ని మొక్కలే?"

చెప్పాను.

"చాలవు. మళ్లీ వెయ్యి."

ఆమె నాతో మాట్లాడిన చివరి మాట అదే.

మళ్లీ వేశాను. ట్రేలలో నారు ఇప్పుడు రెండాకుల మీద ఉంది. జవాబు వచ్చినా వినడానికి ఆమె లేరు. ఆనాడు ఆమె నన్ను క్షమించారా, క్షమించేటంత తప్పేముందనుకున్నారా, లేక లోపల బాధపడుతూనే ఊరుకున్నారా? నేను అడగలేదు. ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.