గడియారాన్ని నెల ముందుకు జరిపిన బుధవారం

కరోనా తర్వాతి రెండో వేసవిలో ఫిల్మ్‌నగర్‌లోని ఒక పోస్ట్ ప్రొడక్షన్ స్టూడియోలో సిస్టమ్స్ మేనేజరుగా ఉన్నాను. సినిమాలకు డబ్బింగ్, ఎడిటింగ్, మిక్సింగ్ జరిగే చోటు అది. అక్కడి కంప్యూటర్లన్నిటికీ ఒకటే స్టోరేజీ, అది తరచూ నిండిపోయేది. నెల దాటిన ఫైళ్లను రోజూ భోజనాల వేళ తీసేసే షెడ్యూల్డ్ టాస్క్ రాయమని యాజమాన్యం చెప్పింది. అంటే మనం దగ్గర లేకపోయినా, చెప్పిన సమయానికి కంప్యూటర్ తనంతట తాను చేసే పని.

అలాంటిదాన్ని పరీక్షించాలంటే, అసలు స్టోరేజీతో సంబంధం లేని వేరే కంప్యూటర్‌లో ఉత్తుత్తి ఫైళ్లు పెట్టి, దాని గడియారాన్ని ముందుకు జరిపి చూడాలి. దాన్ని సిద్ధం చేయడానికి సగం రోజు పడుతుంది. ఇన్నేళ్ల అనుభవం ఉన్నవాడికి అంత అవసరమా అనుకున్నాను. బుధవారం నా కంప్యూటర్‌లోనే తేదీని ముప్ఫై అయిదు రోజులు ముందుకు జరిపాను. నేను స్వయంగా నడిపినప్పుడు టాస్క్ ఉత్తుత్తి ఫోల్డర్ మీదే పనిచేసింది. ఒంటిగంటకు తనంతట తాను మొదలైనప్పుడు మాత్రం అసలు స్టోరేజీకి రాసిన సెట్టింగులు తీసుకుంది. దాని లెక్కలో నిన్నటి ఫైలు కూడా నెల దాటినదే. నేను భోజనం చేసి వచ్చి దాన్ని ఆపేసరికే డబ్బింగ్ ఫోల్డర్ ఖాళీ.

అందులో సోమ, మంగళవారాల్లో రాజ్యలక్ష్మిగారు చెప్పిన డబ్బింగ్ ఉంది. ఆవిడ పాతికేళ్లుగా తెర మీది తల్లులకు గొంతు ఇస్తున్న మనిషి. "శుక్రవారం గొంతు ఆపరేషనండీ. తర్వాత మాట వస్తుందో రాదో చెప్పలేమన్నారు. అందుకే ముందే పూర్తి చేసేశాను," అని మంగళవారం వెళ్తూ నాతో చెప్పారు. మా బ్యాకప్ శనివారాలు మాత్రమే. ఆ రికార్డింగుకు నకలు లేదు.

పోయిన ఫైళ్లను వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్ పెట్టి కూర్చున్నాను. ఎవరికీ చెప్పలేదు. గురువారం పొద్దున సౌండ్ ఇంజనీరు యాదగిరి వచ్చి, "సార్, డబ్బింగ్ ఫోల్డర్ల ఏం లేదేంది?" అన్నాడు. స్టోరేజీ సర్దుతున్నాను, రేపు చూడమన్నాను. తప్పు బయటపడకుండానే దిద్దుకోగలనని ఆశ. ఆ సాయంత్రం ఆవిడ ఆసుపత్రిలో చేరారు.

ఒక్క ఫైలూ తిరిగి రాలేదు. శుక్రవారం మధ్యాహ్నం యాదగిరికి అంతా చెప్పాను. అతను కోప్పడలేదు. "నిన్న పొద్దుగాల్నే చెప్తే ఆమెనే వచ్చి మళ్ల చెప్పిపోతుండె గద సార్," అన్నాడు. అప్పటికే ఆపరేషన్ అయిపోయింది.

ఆ పాత్రకు వేరొకరు డబ్బింగ్ చెప్పారు. నెల తర్వాత శ్రీనగర్ కాలనీలో ఆవిడ ఇంటికి వెళ్లి జరిగింది చెప్పాను, ఆ గురువారం సంగతితో సహా. ఆపరేషన్ తర్వాత ఆవిడకు మాట తిరిగి రాలేదు. నోటుపుస్తకంలో "నా పాత్రకు ఎవరు చెప్పారు?" అని రాశారు. పేరు చెప్పాను. "మంచి గొంతు" అని రాసి పుస్తకం మూసేశారు.

తర్వాత రిటైరయ్యేదాకా ఏ టాస్క్‌నూ విడి కంప్యూటర్‌లో తప్ప పరీక్షించలేదు, నా కింద పనిచేసేవాళ్లనూ పరీక్షించనివ్వలేదు. అది పద్ధతి, ఎవరైనా నేర్పగలరు. ఫైళ్లు పోయిన గంటలోనే వాటి తాలూకు మనిషికి చెప్పాలన్నది మాత్రం నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ బుధవారం నుంచి ఆవిడ ఆసుపత్రికి వెళ్లేదాకా ఒక రోజుకు పైనే సమయం ఉంది. దాన్ని నా పరువు కోసం వాడుకున్నాను.