మేడ మీద పిండినల్లి

వాసవీకుమారికి పంతం ఎక్కువని బరంపురం పెద్దబజారులో ఎవరినడిగినా చెబుతారు. అత్తవారి పప్పుల కొట్టు మేడ మీద, అందరూ వద్దంటున్నా నెట్ షెడ్డు వేయించింది. అందులో మందారాలూ క్రోటన్లూ పెంచి పెళ్ళిమండపాలకు కుండీలు అద్దెకిచ్చేది. అంత పెద్ద ఇంట్లో ఇది నాది అని ఆమె చెప్పుకోగలిగింది అదొక్కటే.

ఈ ఏడు వానాకాలంలో వాటికి పిండినల్లి పట్టింది. తొడిమల సందుల్లో తెల్లగా దూదిపింజల్లా పురుగు, ముట్టుకుంటే జిగురు. మామగారు అప్పలస్వామి పైకొచ్చి చూసి, ఒక శుక్రవారం నాడు తేల్చి చెప్పేశాడు.

"రెండు వారాలు సూస్తానమ్మా. అప్పటికీ తగ్గలేదా, ఇదంతా పీకించి పప్పు బస్తాలేయిస్తాను."

ఆయన అన్నాడంటే చేస్తాడు. కుమారి కొంగు బిగించింది. పురుగున్న కుండీలను వేరే మూలకు చేర్చింది. స్పిరిట్‌లో ముంచిన దూదితో ఒక్కో తొడిమా తుడిచింది. పొద్దు వాలాక వేపనూనె, సబ్బునీళ్ళు కలిపి ఆకుల అడుగున కొట్టింది. వారం తిరిగేసరికి నల్లి మళ్ళీ వచ్చి కూచుంది. కుమారికి ఏడుపొచ్చింది, అంతకన్నా కోపం వచ్చింది. వేలెడంత లేని పురుగుకే ఇంత మొండితనమైతే నాకెంత ఉండాలి అనుకుంది.

ఆ శుక్రవారం పొద్దున్నే పీట వేసుకుని కదలకుండా చూసింది. చీమలు బారులు తీరి మందారాలెక్కుతున్నాయి. నల్లి కార్చే తీపి జిగురు తాగుతూ, దాన్ని కాపు కాస్తూ, ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు మోస్తున్నాయి. అసలీ చీమలు మేడెక్కడం దేనికి?

అప్పుడే అత్తగారు గురువమ్మ చెంబుతో వచ్చింది. శుక్రవారం అభిషేకం చేసిన పాలు, తేనె, పంచదార నీళ్ళు ఎవరూ తొక్కకూడదు. తులసికోటలో నీళ్ళు నిలుస్తున్నాయని వానలు మొదలైనప్పట్నుంచీ భక్తిగా ఈ మొక్కల మొదళ్ళలో పోస్తోంది.

కుమారికి సంగతి అర్థమైంది. చెబితే అపచారం, చెప్పకపోతే షెడ్డు పోతుంది. చెప్పేసింది.

"అత్తా, ఆగండి. ఆ తియ్యనీళ్ళకే సీమలొస్తున్నాయి. సీమలే నల్లిని పెంచుతున్నాయి."

"దేముడి నీళ్ళకి పురుగు పడతాదా? ఏటి మాటలే అవి!"

గురువమ్మ విసురుగా దిగిపోయింది. వారం పాటు కోడలితో మాట్లాడలేదు. కుమారి వెనక్కి తగ్గలేదు. కుండీల్లో పైమట్టి తీసేసి కొత్తది పోసింది. ఇంట్లో బెల్లం డబ్బాను నీళ్ళ పళ్ళెంలో పెట్టినట్టే, కుండీల బల్లల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టింది. దూదీ వేపనూనే మానలేదు.

గడువు రోజున అప్పలస్వామి ఇద్దరు కూలీలను వెంటబెట్టుకుని వచ్చాడు. చెట్లు చాలావరకు తేరుకున్నాయి. కానీ మూడు కుండీల్లో తెల్లమచ్చలు కనబడుతూనే ఉన్నాయి.

"ఇంకా ఉందికదా. విప్పండ్రా."

కుమారి షెడ్డు గుంజ పట్టుకుని అడ్డంగా నిలబడింది. వెనక నుంచి గురువమ్మ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది.

"ఏటండి, ఆగండి. పొద్దున్న అభిషేకం నీళ్ళు పళ్ళెంలో పోసి అరుగు మీద పెట్టి సూసాను. గంటలో సీమల బారు. తప్పు నాది. పీకాలంటే నా పూజగది పీకించండి, ఆ పిల్ల పని జోలికెళ్ళకండి."

అప్పలస్వామి కూలీలను తీసుకుని కిందికి దిగిపోయాడు. గురువమ్మ కళ్ళద్దాలు సర్దుకుని పురుగున్న కుండీ ముందు చతికిలబడింది.

"ఎలా తుడవాలో సెప్పు, కుమారీ."