మూతకు అంటించిన సెన్సర్

దిబ్బూరహళ్ళిలో మా చెల్లెలు పట్టుపురుగులు పెంచుతుంది. గూళ్ళను మార్కెట్టుకు చేర్చే కరెంటు ఆటోను వాళ్లింట్లోనే, పురుగుల గది పక్కన ఛార్జింగ్ పెడతారు. ఒక సాయంత్రం ఆ ఆటో సీటు కిందున్న బ్యాటరీమీద చెయ్యి పెడితే చురుక్కుమంది. తెరమీద మాత్రం బ్యాటరీ చల్లగానే ఉందని చూపిస్తోంది.

అంతకుముందు ఆ బ్యాటరీని రిపేరు చేసిన చింతామణి షాపుకే మర్నాడు వెళ్లాం. షాపతను దాపరికం లేకుండా చెప్పాడు. లోపల సెల్లుల మధ్య ఉన్న, వేడిని కొలిచే సెన్సర్లన్నీ పీకేసి, ఒక్కటి మాత్రం బ్యాటరీ పెట్టె మూతకు అంటించాడట.

"అన్ని వైర్లుంటే ఊరికే తెగిపోతాయప్పా. సింపుల్ చేసినా."

"మేము థర్మామీటరు పురుగుల తట్టల మధ్యలో కడతామప్పా," అంది మా చెల్లెలు. "నువ్వు వాకిట్లో కట్టి, లోపల సల్లగుండాది అంటాండావు."

వైర్లు తగ్గించడం తప్పని నేననను. సెన్సర్లన్నీ ఒకే సన్నని పట్టీమీద వరసగా ఉండి, సెల్లుల మధ్య నుంచి పోయే రకం అతని షాపులోనే వేలాడుతోంది. అదెందుకు వెయ్యలేదని అడిగాను.

"ఎవురూ అడగలేదప్పా."

విలేకరిగా ఈ జవాబు ఎన్ని ఆఫీసుల్లో విన్నానో. మనుషులు పడుకునే ఇంట్లో నిప్పు పుట్టకుండా చూడటం కూడా అడిగితేనే చేసే పనా?

"ఇప్పుడు నేను అడుగుతాండా. ఎయ్యి," అని మా చెల్లెలు అక్కడే కూర్చుంది. అతను వేశాడు. వెంటనే పక్కనున్న ఇంకో ఆటో బ్యాటరీ తీసుకుని, దాని సెన్సరును మూతకే అంటించాడు.