పడమటి గాలిని నమ్మిన పసుపు

ఉదయం ఆరున్నరకు జగిత్యాల బస్టాండులో సిరిసిల్ల బస్సెక్కాను. ఆడవాళ్లకు జీరో టికెట్టు (ఉచితం) కనుక ఆధార్ కార్డు, ఇడ్లీ పొట్లం ఉంటే చాలు. సెలవు రోజు ఈ తిరుగుడంతా మా అక్క కోసం. కోరుట్ల దగ్గర పల్లెలో ఆమె పసుపు పండిస్తుంది. బావ మస్కట్‌లో ఉంటాడు. గాలి తిరిగి పడమటి నుంచి వీస్తే వానలు పోయినట్టేనని అక్కకు వాళ్లత్త నేర్పింది. అలాగే తిరిగిందని పోయిన వారం సగం పసుపు ఉడకబెట్టి కళ్లంలో ఆరబోసింది. గాలి మారకుండానే వాన పడి అదంతా నల్లబడింది. మిగిలిన సగమే ఇక ఏడాది కూడు. ఈ సాయంత్రం మళ్లీ వానని వాతావరణ శాఖ సూచన.

కొండగట్టులో దిగుతూ పక్కసీటు ముసలాయన అన్నాడు: "ఎండలల్ల వాన, వానలల్ల ఎండ. దేవునికే కార్తెలు యాదిలెవ్వు బిడ్డా."

"దేవుని మీదికి నూకకు తాతా, పొగ మనదే" అన్నాను. కాలేజీలో భూగోళం పాఠాలు చెబుతాను, నోరు ఊరుకోదు.

సిరిసిల్లలో నా చిన్ననాటి స్నేహితురాలు సల్మా టార్పాలిన్ కప్పులు కుడుతుంది. కళ్లం కొలత ముందే ఫోన్లో చెప్పాను. నా ముందే అంచులకు తాళ్లు వేసి, "గాలి లేపకుంట గుంజి కట్టుమను" అంది. వాళ్లింట్లోనే పప్పన్నం తిని, మధ్యాహ్నం కోరుట్ల బస్సు పట్టుకున్నాను. టార్పాలిన్ మూట చూసి కండక్టర్ ముఖం చిట్లించాడు. "గిదేందమ్మా గింత పెద్దగ?" "మా అక్క పంట" అన్నాను. నవ్వి వెనక సీటు పక్కన పెట్టించాడు.

కోరుట్లలో ఆటో మాట్లాడుకుని వెళ్లేసరికి అక్క మిగిలిన పసుపులో ఆఖరి కడాయి ఉడకబెడుతోంది. "పడమటి గాలే గదనే, ఊకె బుగులు వడకు. కప్పితె చెమటవట్టి బూజు వడ్తది" అంది. నాకు ఒళ్లు మండింది. చెయ్యి పట్టి కడాయి దగ్గరికి లాక్కెళ్లాను. ఆవిరి నడుమ లేచి, పైన కప్పిన గోనెకు తగిలి, అంచుల్లో దిగుతోంది. భూమ్మీద గాలీ ఇంతేనని చెప్పాను. భూమి నడిమి భాగంలో ఎండకు లేచి, పైపైన పోయి, దూరాన దిగుతుంది. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ వేడిని బయటికి పోనివ్వదు. వేడి పెరిగేకొద్దీ గాలి దిగే చోట్లు జరుగుతాయి, పైగాలుల దారులు మారతాయి, గాలి మోసే తడి పెరుగుతుంది. ఈ ఒక్క వాన దానివల్లేనని చెప్పలేను కానీ, వాళ్లత్త లెక్క పాత గాలిదని మాత్రం చెప్పగలను.

అక్క పొయ్యిలోకి ఇంకో కట్టె నెట్టింది. "గట్లయితే గాలిని సూసుడే బంద్ జెయ్యాల్నా?"

"సూడు. గని కప్పు పక్కన వెట్టుకొని సూడు."

చెమట పట్టకుండా నడుమ కర్రలు నిలబెట్టి, ఇద్దరం కలిసి కప్పు కట్టాం.

ఆరింటికి కోరుట్లలో జగిత్యాల బస్సెక్కాను. దారిలోనే అద్దం మీద చినుకులు మొదలై కాసేపటికి జోరందుకున్నాయి. అక్క ఫోన్ చేసింది. "ఇను" అని ఫోన్ కప్పు దగ్గర పెట్టింది. టపటపా ఒకటే మోత.

"పసుపో?"

"చెయ్యి వెట్టి సూసిన. పొడిగనే ఉన్నది."

"గాలి ఎటుంది?"

"పడమటిదే" అని అక్క ఏడ్చింది. అత్త నేర్పిన లెక్క పోయినందుకు ఏడుస్తోందని నాకు తెలుసు, నాకూ ఏడుపొచ్చింది. అంతలోనే ముక్కు ఎగబీల్చి, "పక్కోళ్ల కళ్లం తడుస్తున్నదే. సల్మాకు జెప్పి ఇంకో నాలుగు కుట్టియ్యి" అంది.

జగిత్యాలలో దిగగానే సల్మాకు ఫోన్ చేశాను.