దుమ్ము వెతికే పిల్ల

మా ఆయన పోయాక ముందుగది అద్దెకిచ్చాను. అందులో దిగిన పిల్లది ఎడారి దుమ్ము మీద పరిశోధనట. ఉపగ్రహం తీసిన ఫోటోల్లో, సముద్రం మీదికి దుమ్ము ఎంత దూరం పోయిందో చూసేది. కిటికీ గానీ సైకిలు సీటు గానీ, ఏది కనబడినా వేలితో తుడిచి, ఆ వేలిని వెలుగులో తిప్పి చూసుకునేది. అదేం అలవాటో!

ఒక ఎండాకాలం పొద్దున ఆకాశం మసకబారింది. వానొస్తుందని సముద్రం ఒడ్డున అందరూ ఎండబెట్టిన చేపలు ఎత్తేస్తున్నారు. తడిస్తే పురుగులు పడతాయి. సగం ఎండినవి కుప్ప పోసినా కుళ్లిపోతాయి. నావీ అక్కడే ఎండుతున్నాయి, అవి అమ్మితేనే నా నెల తిండి.

"ఎత్తొద్దక్కా, అది మబ్బు కాదు, దుమ్ము," అంటూ ఆ పిల్ల ల్యాప్‌టాప్ తెచ్చింది. నీలం నీళ్ల మీద పొడుగ్గా మట్టిరంగు చార. రాజస్థాన్ నుంచి వచ్చిందట.

"అంత దూరం నుంచి నా చేపల మీద పడేదానికే వచ్చినాదా పాపా?" అన్నాను. నవ్వింది. నమ్మి వదిలేశాను.

"ఏమ్మే, బొమ్మలు చూసి చేపలెండబెడతావా?" అని పక్కింటామె ఎత్తిపొడిచింది.

మధ్యాహ్నం చూస్తే ఆ పిల్ల చేపల పక్కనే, ఖాళీ గంపలు దగ్గర పెట్టుకుని కూర్చుని ఉంది.

"వాన రాదంటివి గదా, ఈడెందుకు కూసున్నావు?"

"నా మాట తప్పయితే పోయేది మీ చేపలే కదక్కా. ఎత్తడానికి ఇంకో మనిషి ఉండాలి."

పొద్దు వాలినా చుక్క పడలేదు. వేడిగాలికి చేపలు గలగలమనేలా ఎండాయి. రోజూ ఒక్కదాన్నే మోసే గంపలు ఆ సాయంత్రం ఇద్దరం మోశాం.